డీ-అడిక్షన్ సెంటర్ నుంచి బయటికొచ్చాక ఎక్కడికి?

డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి వచ్చిన మనిషిని మనం ఎక్కడికి పంపుతున్నాం? అదే వీధికి, అదే బెల్టు షాపు పక్కకి, సాయంత్రం ఆరయ్యేసరికి ఫోన్ చేసే అదే దోస్తుల మధ్యకి. కాపలా డ్యూటీ భార్యదో అమ్మదో. జేబులు వెతకాలి, నోరు వాసన చూడాలి, కూరలో ఏదో పొడి కలపాలి. ‘తాగేవారికి తెలియకుండానే మాన్పిస్తాం’ అనే పోస్టర్లు గోడల మీద ఊరికే వెలవలేదు. నాలుగు నెలలకి అతను మళ్లీ మొదలుపెడితే ‘వాడింతే’ అనేస్తాం. చికిత్స తర్వాత అతను ఎక్కడుండాలో ఎవరూ ఆలోచించలేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

అమెరికాలో ఆ ఆలోచన చేసింది కోలుకుంటున్నవాళ్లే. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక హాఫ్‌వే హౌస్ (చికిత్స తర్వాత కొన్నాళ్లు ఉండే వసతి) డబ్బుల్లేక మూతపడబోయింది. అందులో ఉంటున్న పాల్ మొల్లాయ్, ఆయన తోటివాళ్లు ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. అదే మొదటి ఆక్స్‌ఫర్డ్ హౌస్. వార్డెన్ ఉండడు. వారానికోసారి అందరూ కూర్చుంటారు. అద్దె ఎవరు కట్టారో, ఎవరు బాకీయో ట్రెజరర్ చదువుతాడు. గిన్నెలు తోమని వాడి సంగతీ అక్కడే తేలుతుంది. పదవి ఆరు నెలలకి మించి ఒకరి దగ్గర ఉండదు. కొత్త మనిషి చేరాలంటే ఉన్నవాళ్లలో 80 శాతం మంది ఒప్పుకోవాలి. చేరాక ఎన్నేళ్లయినా ఉండొచ్చు, తాగితే మాత్రం వెంటనే ఖాళీ చేయాలి. ఈ చివరి రూల్ నాకు మింగుడుపడదు. తప్పతాగిన రాత్రే మనిషికి నీడ ఎక్కువ అవసరం. కానీ పక్క మంచం మీదివాడు మానేసి రెండు వారాలే అయితే వాడి గతేంటన్న ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు.

ఫలితం చూద్దాం. డీపాల్ యూనివర్సిటీకి చెందిన లెనార్డ్ జాసన్ బృందం ఇల్లినాయిస్‌లో చికిత్స ముగించుకున్న 150 మందిలో సగం మందిని ఈ ఇళ్లకు పంపింది, మిగతావాళ్లు మామూలు దారిన వెళ్లారు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం రెండేళ్ల తర్వాత మత్తు వాడుతున్నవాళ్లు మొదటి గుంపులో 31 శాతం, రెండోదాంట్లో 65 శాతం. నెల సంపాదనలోనూ 989 డాలర్లకు 440 డాలర్లంత తేడా.

సోబర్ హోమ్, అంటే మత్తు మానినవాళ్లుండే ఇల్లు, అని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ ఫలితం రాదు. అరిజోనాలో ఏం జరిగిందో చూడండి. నవాజో తదితర ఆదివాసీలను దళారులు మాయమాటలు చెప్పి తెచ్చి ఇళ్లలో పెట్టారు. చేయని వైద్యానికి ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి బిల్లులు లాగారు. 2023 మేలో ఆ రాష్ట్రం వందకు పైగా సంస్థలకు చెల్లింపులు ఆపేసింది. ఇళ్లు మూతపడి, ఉన్నవాళ్లు రోడ్డున పడ్డారు. అక్కడ మనిషి ఎన్నాళ్లు కోలుకోకపోతే అన్నాళ్లు బిల్లు. ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లో ఎవరైనా పని మానేసి తాగుడు మొదలుపెడితే అద్దె భారం తోటివాళ్లందరి నెత్తినా పడుతుంది. నా దృష్టిలో అసలు తేడా అదే, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే.

మన దగ్గర చట్టానికి లోటు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. హాఫ్‌వే హోమ్‌లు, తోడ్పాటుతో కూడిన వసతి ప్రభుత్వం కల్పించాలని 18వ సెక్షన్ చెబుతోంది. ఇక ఇల్లు ఇచ్చేదెవరంటారా? ‘ఫ్యామిలీకి మాత్రమే’ అనే టు-లెట్ బోర్డు మన ఒక్కరిదే కాదులెండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ నగరం కూడా తన దగ్గరి ఆక్స్‌ఫర్డ్ హౌస్ విషయంలో బంధుత్వం లేనివాళ్లు ఐదుగురికి మించి ఒకే ఇంట్లో ఉంటే కుటుంబం కాదంది. 1995లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ నగరం వాదనను తోసిపుచ్చింది.

అడ్వాన్స్ సొమ్ము మరో అడ్డంకి. అమెరికాలో 1988 చట్టంతో రాష్ట్రాలు ఒక రివాల్వింగ్ ఫండ్ పెట్టాయి. కొత్త ఇంటికి 4 వేల డాలర్ల వరకు అప్పు, రెండేళ్లలో తీర్చాలి, తిరిగొచ్చిన డబ్బు ఇంకో ఇంటికి. డ్వాక్రా సంఘాల మీటింగులు, పొదుపు పుస్తకాలు చూసిన రాష్ట్రాలకు ఇది కొత్త విద్యేం కాదు. జిల్లాకో నిధి పెట్టి, సెంటర్ నుంచి బయటికొచ్చే ఆరుగురికి ఒక ఇంటి అడ్వాన్స్ అప్పుగా ఇవ్వండి, ఉచితంగా వద్దు. నిర్వహణ టెండర్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.