సుంకం ఊరికి, వరద పొరుగూరికి

2024 సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురాలను ముంచెత్తిన నీరు నగరంలో కురిసిన వాన ఒక్కటే కాదు. మైలవరం కొండల నుంచి వచ్చే బుడమేరు వెలగలేరు రెగ్యులేటర్ వద్ద పోటెత్తి, మళ్లింపు కాలువకు గండ్లు పడటంతో నగరం మీదికి వచ్చింది. ఆ కాలువ కలవాల్సిన కృష్ణానది కూడా అప్పుడే నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 నాటి రికార్డును మించిపోయింది. బుడమేరు నగరం దాటాక ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ కిందుగా వెళ్లి, నందివాడ పొలాల మీదుగా కొల్లేరు చేరుతుంది. ఈ దారి పొడవునా ఏ భూమిలో ఏం కట్టవచ్చో తేల్చడంలో గ్రామ పంచాయతీలకు, నగరపాలక సంస్థకు, రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ)కు, రెవెన్యూ, జలవనరుల శాఖలకు తలా ఒక పాత్ర ఉంది. ఏరు మొత్తానికి జవాబు చెప్పవలసినవారు మాత్రం వీరిలో ఎవరూ లేరు.

వరద తర్వాత చర్చంతా ఆక్రమణల చుట్టూ తిరిగింది. ఆక్రమణలు ఉన్నాయి, తొలగించాల్సిందే. అయితే అన్ని అనుమతులూ ఉన్న లేఅవుట్ కూడా ఏటి మీద భారం మోపుతుందన్న సంగతి ఆ హడావుడిలో మరుగున పడింది. వరి పొలం గట్ల మధ్య కొన్ని రోజులు ఆగే వాన నీరు, మెరక తోలి సిమెంటు రోడ్లు వేసిన ప్లాట్లలో ఆగదు; కొద్ది గంటల్లోనే దిగువకు చేరుతుంది. ఒక్కో లేఅవుట్‌ను విడిగా పరిశీలించే అధికారికి అందులో నిబంధనల ఉల్లంఘన కనబడదు. ఎగువన ఇలాంటివి ఎన్నో కలిస్తేనే దిగువకు ముప్పు, ఆ కలిసిన లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు.

పంచాయతీలను ఇందుకు నిందించి లాభం లేదు. స్థలం చేతులు మారినప్పుడు వసూలయ్యే 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చేరవలసిన సొమ్ము (ఎప్పుడు చేరుతుందన్నది సర్పంచులను అడగాల్సిన ప్రశ్న). పొలం పొలంగా ఉన్నంతకాలం ఊరికి దాని వల్ల వచ్చే రాబడి నామమాత్రం. ప్లాట్లయితే రిజిస్ట్రేషన్లు పెరుగుతాయి, ఆ పైన ఇంటి పన్ను మొదలవుతుంది. నగరంలో విలీనం కమ్మంటే ఉపాధి హామీ పనులు పోతాయని, పన్నులు పెరుగుతాయని ఊళ్లు వెనకాడతాయి. గ్రేటర్ విజయవాడ ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూ ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. నీటిని ఆపి ఉంచిన ఊరికి రాబడి లేనప్పుడు, ఆ పని చేయమని దానికి చెప్పే నైతిక హక్కు నగరానికి ఎక్కడిది?

ప్రాంతీయ ప్రణాళిక ఇక్కడ కొత్త మాటేమీ కాదు. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాలను కలిపి 1978లోనే పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2014లో దాని స్థానంలో సీఆర్‌డీఏ వచ్చి, సుమారు 8,352 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. 2020లో దాన్ని రద్దు చేశారు, 2021లో పునరుద్ధరించారు, పరిధిని ఒకసారి కత్తిరించి మళ్లీ పెంచారు. 2022లో జిల్లాలు విడిపోవడంతో ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల అధికారులతో తేలే పనికి ఇప్పుడు అంతకంటే ఎక్కువ కలెక్టరేట్లు తిరగాలి. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటుంది: నిర్ణయం పైనుంచి దిగుతుంది. సీఆర్‌డీఏకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. సర్పంచికి, మేయరుకు మిగిలేది అభ్యంతరాలు చెప్పుకునే అవకాశమే.

2015 చివరలో వెలువడిన ముసాయిదా ప్రణాళికలో వ్యవసాయానికే పరిమితమైన జోన్లను గుర్తించినప్పుడు రైతులు ఎదురుతిరిగింది అందుకే. పచ్చని పొలాలను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే. అయితే గీతకు ఇవతలి పొలం కోట్లు పలుకుతుంటే అవతలి పొలం పాత ధర దగ్గరే ఆగిపోతుంది. ఆ తేడాను భరించేది రైతు ఒక్కడే అయినప్పుడు ఏ గీతా నిలవదు. ప్రభుత్వం ఆంక్షలు సడలించక తప్పలేదు.

రాజ్యాంగం 74వ సవరణతో ఇందుకు ఒక వేదికను సూచించింది. 10 లక్షలకు పైబడిన జనాభా గల మహానగర ప్రాంతానికి 243జెడ్‌ఈ అధికరణం కింద ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలి. ఉమ్మడి స్థల ప్రణాళిక, నీటి పంపకం దాని పనుల్లోవే. ఉమ్మడి రాష్ట్రం 2007లో చట్టం కూడా చేసింది. 2011 నాటికే విజయవాడ నగర జనాభా 10 లక్షలు దాటినా, ఆ కమిటీ మాత్రం ఇక్కడ ఒక వ్యవస్థగా నిలదొక్కుకోలేదు. అయితే ఈ కమిటీ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. స్థానాలు జనాభాను బట్టి కనుక బుడమేరు ఎగువన ఉన్న జి.కొండూరు వైపు ఊళ్ల గొంతు నగరం ముందు వినబడదు. ఓట్లతో తేలనిదాన్ని డబ్బు పంపకంతో తేల్చాలి.

అమెరికాలోని మినెసోటా రాష్ట్రం 1971లో చేసిన చట్టం గమనించదగినది. మినియాపోలిస్, సెయింట్ పాల్ నగరాల చుట్టూ ఉన్న 7 కౌంటీల్లో వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాదిలో (పన్ను లెక్కించే విలువలో) వచ్చే పెరుగుదల నుంచి 40 శాతాన్ని ఒక ఉమ్మడి నిధికి చేర్చి, ఆస్తి విలువ తక్కువగా ఉన్న పట్టణాలకు ఎక్కువ వాటా వచ్చేలా పంచుతారు. పక్క పట్టణానికి పోయిన పరిశ్రమ వల్ల తనకూ కొంత వస్తుంది కాబట్టి, పోటీ కొంతైనా తగ్గుతుంది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడికి తేలేం. మన పంచాయతీలకు ఆ స్థాయి ఆస్తి పన్ను లేదు. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఉంది. దాన్ని ఇప్పటికే రిజిస్ట్రేషన్ శాఖ ఒకేచోట వసూలు చేస్తోంది కాబట్టి, పెరిగిన మొత్తంలో కొంత భాగాన్ని బుడమేరు పరీవాహకంలో, అలాగే తుళ్లూరు, మంగళగిరి మీదుగా వచ్చే కొండవీటి వాగు పరీవాహకంలో పొలాలను, చెరువులను అలాగే ఉంచిన ఊళ్లకు మళ్లించడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు.

దీనికి సమయం కూడా ఇదే. సుమారు 190 కిలోమీటర్ల అమరావతి ఔటర్ రింగ్ రోడ్డుకు భూసేకరణ ప్రక్రియ మొదలైంది. ఆ రోడ్డు కూడళ్ల చుట్టూ భూముల ధరలు స్థిరపడకముందే పంపకం నిష్పత్తిని ఉత్తర్వు రూపంలో ప్రకటించాలి. ఏ ఊళ్లో కూడలి వస్తుందో తేలిపోయాక, తన వాటా వదులుకోవడానికి ఆ ఊరు ఒప్పుకోదు. కూడలి రాని ఊరికి ఒప్పించే బలం ఉండదు.