పొద్దున ఆరింటి చేతులు వేరు, పదకొండింటి చేతులు వేరు

ఉగ్గాని చేయాలంటే నానిన బొరుగులను రెండు చేతులతో గట్టిగా పిండాలి, మా అనంతపురంలో ఎవరినడిగినా చెప్తారు. పొద్దున ఆరింటికి నాకది చేతకాదు. వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి సగంలోనే ఆగిపోతుంది, బొరుగులు నీళ్లోడుతూ జారిపోతాయి. పదకొండింటికి ఇవే చేతులతో చపాతీ పిండి కలుపుతాను. అది చూసి చుట్టాలావిడ ఒకామె "పొద్దున పని తప్పించుకోడానికే ఈ నొప్పులు" అనేసింది. ఆ మాటకు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఇది బద్ధకం కాదండీ, రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడే జబ్బు, దానికీ ఒక గడియారం ఉంది. రాత్రి పెరిగే మెలటోనిన్ అనే హార్మోన్ రోగనిరోధక కణాలను ఇంకా ఉసిగొల్పుతుంది, వాపు తెచ్చే ఐఎల్-6 అనే ప్రొటీన్ తెల్లవారుజామున బాగా ఎక్కువవుతుంది. వాపును అణిచే కార్టిసాల్ అనే హార్మోన్ కూడా ఆ వేళకే పెరుగుతుంది గానీ మాలాంటి వాళ్లకు అది చాలదు. అందుకే లేచాక గంట, ఒక్కోసారి రెండు గంటలు ఒళ్లు మాట వినదు.

ఆడవాళ్లకు ఇది మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. నా రెండో కాన్పప్పుడు ఐదో నెల నుంచి నొప్పులే లేవు, జబ్బు పోయిందనుకున్నా. పాపకు మూడో నెల వచ్చేసరికి తిరగబెట్టింది, పాలసీసా మూత కూడా తిప్పలేకపోయా. "బాలింతవి, చన్నీళ్లలో చేతులు పెట్టుంటావ్" అన్నారందరూ. గర్భంతో ఉంటే ఈ నొప్పులు తగ్గడం చాలామందిలో కనిపించేదే. అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ దాన్ని గమనించే ఒంట్లోనే ఏదో మందుందని వెతికాడు, 1948లో ఈ జబ్బున్నవాళ్లకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశాడు, 1950లో నోబెల్ వచ్చింది. అలాగని స్టెరాయిడ్ బిళ్లలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి, వాడుతున్నవి ఉన్నట్టుండి ఆపకండి.

నాకు బాధంతా ఓపీ దగ్గరే. మన వంతు వచ్చేసరికి పన్నెండవుతుంది, అప్పటికి వేళ్లు సడలిపోయుంటాయి. పిడికిలి బిగించమంటే బిగుస్తుంది, "బాగానే ఉంది కదమ్మా" అని పంపేశారు, రెండుసార్లు. ఇప్పుడు రోజూ ఆరింటికి చేతులను ఫోన్‌లో వీడియో తీస్తున్నా, ఎన్నింటికి సడలాయో క్యాలెండర్ మీద రాస్తున్నా. పోయిన నెల అది చూపిస్తేనే మందు మార్చారు. మీ అమ్మకో అత్తకో ఇదుంటే డాక్టర్ అడక్కపోయినా పొద్దున సంగతి మీరే చెప్పండి.