గోడల ప్లాను సరే, పైపుల ప్లాను ఏది?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో 150 గజాల్లో ఇల్లు మొదలుపెట్టేవాళ్ల చేతిలో రెండు కాగితాలుంటాయి: మున్సిపాలిటీకి పెట్టిన ప్లాను, వాస్తు పెద్దమనిషి గీసిచ్చిన స్కెచ్. పైపుల సంగతి మాత్రం స్లాబు పడ్డాక ప్లంబర్ నోటిమాట మీదే తేలుతుంది. అప్పటికి బీముకు తూటు కొట్టడం తప్ప దారుండదు. సెంట్రింగుకు ముందే యజమాని ఈ ప్లాను గీసుకోవచ్చు. గళ్ల కాగితం, టేపు, మట్టం చూసే నీళ్ల లెవల్ ట్యూబు చాలు.

చాలామంది కుళాయిల దగ్గర మొదలుపెడతారు. గీత మోరీ దగ్గర మొదలవ్వాలి. వీధి మోరీ అడుగు ఎంత లోతుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. 10 అడుగులకు 3 అంగుళాల వాటం అనుకుంటే, వెనక బాత్రూం నుంచి గేటు దాకా 40 అడుగుల్లో పైపు ఒక అడుగు కిందికి దిగుతుంది. నహానీ ట్రాపు (బాత్రూం ఫ్లోరులో నీళ్లు దిగే జాలీ కింది ట్రాపు) దగ్గరే అది ఫ్లోరుకు ఒక అడుగు కింద ఉంటుంది కాబట్టి, గేటుకొచ్చేసరికి 2 అడుగులు. బేస్‌మెంటు రోడ్డు కంటే అడుగున్నరే ఎత్తుంటే పైపు అప్పటికే రోడ్డు కింద అర అడుగులో ఉన్నట్టు. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోసి, మోరీని కూడా లేపి కట్టారంటే వానాకాలంలో నీళ్లు బాత్రూంలోకి ఎదురుతన్నుతాయి. మన గల్లీల్లో ఇది కొత్తేమీ కాదు. బేస్‌మెంటు ఎత్తు ఈ లెక్కతోనే తేల్చుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు దగ్గర వాస్తుకూ నీళ్లకూ పేచీ. బోరు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో అంటారు. 30×45 ప్లాటుకు ఉత్తరం పక్క 30 అడుగులే అయితే రెండింటి మధ్య అంతకు మించి దూరం రాదు. ట్యాంకు నీళ్లు ఇంకే గుంట, అంటే సోక్ పిట్‌కూ బోరుకూ 50 అడుగులైనా ఉండాలి. ఈ ప్లాటులో మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తేనే 54. పైగా ఇక్కడ చాలాచోట్ల మొరం కిందే రాయి. రాయిలో మురుగు ఇంకదు, పగులు దొరికిందా బోరు దాకా పోతుంది. బోరు జరపడం కుదరకపోతే కేసింగును (బోరు పై భాగంలో దింపే పైపును) గట్టి రాయిలోకి దింపి, చుట్టూ సిమెంటు గ్రౌటు (పలచటి సిమెంటు ముద్ద) పోయించాలి.

నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లను ఆ బోరు నీళ్లతో ఒకే సంపులో కలపడం మాత్రం ఇంకా ఆగలేదు. భగీరథ నీళ్లు సంపు నుంచి 500 లీటర్ల ట్యాంకుకు ఎక్కి వంటింటికి రావాలి. బోరు మోటారు నేరుగా 1000 లీటర్ల ట్యాంకుకు. ప్లానులో రెండు రంగులు వాడండి. ఎక్కడ కలిసినా కనిపిస్తుంది.

ట్యాంకు స్లాబు మీదే కూర్చుంటే పై అంతస్తు షవరుకు దక్కే ఎత్తు 3 అడుగులు. 6 అడుగుల పిల్లర్ల మీద పెడితే 9. పెద్ద షవరుకు అదీ చాలదు, ప్రెషర్ పంపుకు కరెంటు పాయింటు ఇప్పుడే గీయాలి. సోలార్ హీటరుంటే చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం దానికంటే ఎత్తులో ఉండాలి. గీజరు బాత్రూం పక్కనే ఉండాలి: 10 మీటర్ల ముప్పావు అంగుళం సీపీవీసీ పైపంటే, వేడి నీళ్లు వచ్చేలోపు రెండున్నర లీటర్లు వృథా. ఏసీ నీళ్ల పైపును మురుగు లైనులో నేరుగా కలపొద్దు, బెడ్‌రూంలోకి వాసనొస్తుంది.

ప్లాస్టరింగుకు ముందు జాయింట్లు ఆరనిచ్చి, టెస్ట్ పంపుతో ప్రెషర్ పెట్టి రాత్రంతా వదలండి. పొద్దునకు పంపు గేజీ ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ఆ తర్వాత ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసుకున్నాకే మేస్త్రీని మాలు కలపమనండి.