సవరణ: ఫీనిక్స్‌లో కాగితంపూల కత్తిరింపు ఎప్పుడు?

అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌లో పెరటి మొక్కల గురించి మొన్నటి పోస్టులో ‘చలి తగ్గగానే కాగితంపూల తీగను కత్తిరించండి’ అని ఉంది. దాన్ని ‘మార్చిలో, మంచు భయం పూర్తిగా పోయాక’ అని చదువుకోండి. జనవరిలో మంచుకి మాడిన కొమ్మలు చూడ్డానికి బాగోవు, నిజమే. కానీ లోపలి కణుపులకు అవే దుప్పటి. ముందే కోస్తే లేత చిగురు వచ్చి మళ్లీ మాడుతుంది. గోటితో బెరడు గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్టు. రత్నగంధి మొండిది, మార్చిలో అడుగెత్తుకి నరికేసినా వేసవికి పూస్తుంది.

జూన్‌లో, 43 డిగ్రీలు దాటే ఎండలో, దేన్నీ బోడి చేయొద్దు. నీడ పోయిన కాండం బెరడు కాలి పగులుతుంది.

పోస్టులో రానిది ఇంకొకటి: కోసిన గన్నేరు కొమ్మల్ని కాల్చకండి, ఆ పొగ కూడా విషమే.