సవరణ: ‘మస్ట్ నాట్’ అంటే ‘అక్కర్లేదు’ కాదు

అవసరం, తొందర తెలిపే ఇంగ్లిష్ మాటల మీద రాసిన పోస్టులో ‘మస్ట్ నాట్’, ‘డోంట్ హావ్ టు’ రెండింటికీ ‘అక్కర్లేదు’ అనే అర్థం ఇచ్చాం. అది తప్పు, మన్నించండి. ‘యూ మస్ట్ నాట్ కమ్’ అంటే రాకూడదు. ‘యూ డోంట్ హావ్ టు కమ్’ అంటే రానక్కర్లేదు, వచ్చినా అభ్యంతరం లేదు. మందు సీసా మీదైతే ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది: ‘మస్ట్ నాట్ బి టేకెన్ విత్ ఆల్కహాల్’ అన్నది కచ్చితమైన నిషేధం.

తికమక ఎందుకంటే, ‘మస్ట్ కమ్’, ‘హావ్ టు కమ్’ రెండూ మనకు ‘రావాలి’యే. కాదనే సరికి దారులు చీలిపోతాయి. జరిగిపోయిన సంగతికి మళ్లీ ఒకటే దారి: ‘రావాల్సి వచ్చింది’ అనడానికి ‘హ్యాడ్ టు కమ్’. ‘మస్ట్ హావ్ కమ్’ అంటే ‘వచ్చే ఉంటారు’ అన్న ఊహ మాత్రమే.

ఇంకొకటి. ‘ఇట్స్ హై టైమ్ వుయ్ గో’ అని రాశాం; ‘వుయ్ వెంట్’ అని ఉండాలి. క్రియ గతంలో ఉన్నా మాట ఇప్పటిదే: ఎప్పుడో బయల్దేరాల్సింది, ఇంకా కదల్లేదు. అంత ఒత్తిడి అక్కర్లేకపోతే ‘ఇట్స్ టైమ్ టు గో’ చాలు.