రాజమండ్రి లాడ్జీలూ, గడియారాల గొడవానూ

"రాజమండ్రిలో తక్కువలో మంచి రూము చెప్పండి" అని అడిగేవాళ్ళకి కొదవ లేదు. ఎన్నింటికి దిగుతున్నారు, ఎన్నింటికి ఖాళీ చేస్తారు, ఇక్కణ్ణుంచి ఎటు వెళ్ళాలి అని ఎదురడిగామా, "అవన్నీ ఎందుకండీ బాబూ, రేటు చెప్పండి చాలు" అంటారు. డబ్బులు పోయేది సరిగ్గా అక్కడే. మూడొందలు మిగిలిందని సంబరపడి తొమ్మిదొందలు వదిలించుకునేవాళ్ళే ఎక్కువ. అందుకే రూము అద్దె ఆఖర్న చూడండి. ముందు ఆ లాడ్జి గడియారం ఎలా తిరుగుతుందో కనుక్కోండి.

మన దగ్గర రెండు రకాల గడియారాలున్నాయి. పాతకాలం లాడ్జీల్లో 24 గంటల లెక్క: మీరు రిజిస్టరులో సంతకం పెట్టిన దగ్గర్నుంచి మర్నాడు అదే టైముదాకా ఒక రోజు. కొత్త హోటళ్ళదీ, ఫోన్లో యాప్ మీద దొరికేవాటిదీ మధ్యాహ్నం లెక్క: పన్నెండుకో ఒంటిగంటకో లోపలికి, మర్నాడు పదకొండుకో పన్నెండుకో బయటికి.

హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కినవాళ్ళలో చాలామంది ఇక్కడ చీకటుండగానే దిగుతారు. ఉదాహరణకి నాలుగున్నరకి దిగి, గోదావరి స్నానం, కోటిలింగాల రేవు, ద్రాక్షారామం చూసుకుని అదే రాత్రి తొమ్మిదికి తిరుగు రైలు అనుకోండి. 24 గంటల లాడ్జిలో రూము 1200 అయితే ఖర్చు 1200తో సరి. మధ్యాహ్నం లెక్క హోటల్లో 900కే వచ్చిందని మురిసిపోతే, తెల్లవారుజామున లోపలికి రానివ్వడానికి నిన్నటి రోజు కూడా కట్టమంటారు. అక్కడికి 1800. పోనీ సగం రోజుకి బేరమాడినా 1350. చవకది ఏదో మీరే చెప్పండి.

అలాగని 24 గంటలది ఎప్పుడూ లాభమేం కాదు. తెల్లవారుజామున ఐదింటికి సంతకం పెట్టి, మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి బయల్దేరదామనుకుంటే రెండో రోజు మొదలైపోయినట్టే. ఇలాంటప్పుడు రూములోకి పరిగెత్తకూడదు. బ్యాగులకి తాళాలేసి స్టేషన్ క్లోక్‌రూములో పెట్టాలి (తాళం లేనిదీ, టికెట్ చూపించనిదీ తీసుకోరు). వెయిటింగ్ హాల్లో కాసేపు కునుకు తీసి, తెల్లారాక రేవుకెళ్ళి స్నానం కానిచ్చి, టిఫిను తిని ఎనిమిదిన్నరకి సంతకం పెడితే మర్నాడు ఎనిమిదిన్నరదాకా మీదే. సంతకం పెట్టేటప్పుడు మేనేజరు ఏ టైము వేశాడో కళ్ళతో చూడండి. ఎనిమిదీ నలభైకి వస్తే ఎనిమిదని గుండు సున్నాలు చుట్టేస్తారు. ఆ నలభై నిమిషాలూ మర్నాడు పెద్ద తగువవుతుంది. గంట గ్రేస్ ఇస్తారా అని వచ్చినప్పుడే అడగాలి గానీ ఖాళీ చేసేటప్పుడు కాదు.

ఇంకో మెలిక ఉంది. కౌంటరు దగ్గర 24 గంటలిచ్చే లాడ్జే, యాప్‌లో బుక్ చేసుకుంటే మధ్యాహ్నం లెక్క పెడుతుంది. రేటు యాప్‌లో వంద తక్కువ కనపడొచ్చు, మీకు పోయేది ఆరేడు గంటలు. బుక్ చేసే ముందు లాడ్జికే ఫోన్ కొట్టి "నేరుగా వస్తే ఎంత, ఎన్ని గంటలు" అని అడగడానికి మొహమాటం ఎందుకండీ? పైగా, హోటల్లోనే డబ్బు కడతామని పెట్టిన యాప్ బుకింగును రద్దీ రోజుల్లో ఎవరూ లెక్కచేయరు. ఎదురుగా నోట్లు పట్టుకుని నిలబడ్డవాడికి తాళం ఇచ్చేసి మీకు "సిస్టంలో రాలేదండీ" అంటారు. అందుకని నేరుగా మాట్లాడుకున్నా కొంత అడ్వాన్సు పంపి, తేదీ, టైము, రేటు వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక ఊళ్ళో ఏ వైపు రూము తీసుకోవాలన్నది. మెయిన్ స్టేషనుకీ గోదావరి స్టేషనుకీ తేడా తెలియకుండా బుక్ చేసేవాళ్ళున్నారు. గోదావరి స్టేషను కోటగుమ్మం వైపు, పుష్కర ఘాటుకి దగ్గర. కానీ చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. రేవులో స్నానం, మెయిన్ రోడ్డులో బట్టలు, మార్కండేయస్వామి గుడి, ఇవే పనైతే కోటగుమ్మం చుట్టూ చూసుకోండి. కారులో వస్తే మాత్రం ఆ సందుల జోలికి పోవద్దు. అక్కడ "పార్కింగ్ ఉందండీ" అంటే లాడ్జి ముందు రోడ్డుందని అర్థం. తెల్లవారుజాము రైళ్ళవాళ్ళకి మెయిన్ స్టేషను ఎదుటి లాడ్జీలే నయం, అర్ధరాత్రి ఆటో బేరం తప్పుతుంది. అన్నవరం, సామర్లకోట, అమలాపురం బస్సుల మీద తిరిగేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉండాలి. మోరంపూడి, లాలాచెరువు వైపు హైవే మీదవి కొత్తగా, విశాలంగా ఉంటాయి, కార్లవాళ్ళకి హాయి. బస్సులో వచ్చి రేవుకి వెళ్ళాలనుకునేవాళ్ళు అక్కడ రూము తీసుకుంటే ఊళ్ళోకి రానూపోనూ ఆటోలకే మిగిలిన డబ్బు చెల్లు.

రైలు టికెట్ కన్ఫర్మ్ గానీ ఆర్‌ఏసీ గానీ అయి ఉంటే రిటైరింగ్ రూముల (స్టేషన్లోనే రైల్వేవాళ్ళు ఇచ్చే గదులు) సంగతి కూడా చూడండి. పీఎన్ఆర్ కొట్టి ఐఆర్‌సీటీసీలోనే తీసుకోవచ్చు. నాలుగు గోడలూ ఒక మంచం చాలనుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

రోజులు చూసుకోవడం క్యాలెండరుతో పని కాదు, పంచాంగంతో పని. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం... ముహూర్తాలున్న రోజు పెళ్ళివారు అంతస్తులకి అంతస్తులు పట్టేస్తారు. కింద కల్యాణమండపం ఉన్న లాడ్జి అయితే రూము దొరికినా నిద్ర దొరకదు, తెల్లవారుజాము ముహూర్తానికి సన్నాయి మీ మంచం కిందే మోగుతుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ అదే రూము బేరానికి లొంగుతుంది. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు శుక్రవారం సాయంత్రానికే దిగిపోతారు కాబట్టి ఆ రాత్రి నేరుగా వచ్చి రూము అడగడం దండగ. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల రూము కోసం వెతకొద్దు, కోడిపందేలవాళ్ళు నెలల ముందే రాసేసుకుంటారు, రేట్లు ఎన్నింతలన్నా చెబుతారు. కార్తీక సోమవారాలకి పంచారామాలు తిరగాలంటే ఆదివారం రాత్రి బయల్దేరే ఆర్టీసీ ప్రత్యేక బస్సులున్నాయి. నిద్ర బస్సులోనే, ఇంక రూమెందుకు? 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న, తొలిరోజే, పుష్కర ఘాటులో తొక్కిసలాటకి ప్రాణాలు పోయిన సంగతి మర్చిపోకండి. పుష్కరాల పన్నెండు రోజులూ ఘాటు పక్క రూమే కావాలని పట్టుబట్టే బదులు అవతల కొవ్వూరులోనో, మరో చిన్న రేవున్న ఊళ్ళోనో చూసుకోవడం మంచిది.

సరే, లాడ్జికి వచ్చారు. తాళం తీసుకుని డబ్బు కట్టేసి పైకెళ్ళకండి. రూము చూశాకే అడ్వాన్సు. బ్యాగులు కిందే ఉంచి ఒకరు పైకెళ్ళండి.

ముందు ఏసీ ఆన్ చేయించి, మిగతావి చూస్తూ ఉండండి. పది నిమిషాలకి గాలి చల్లగా తగలాలి. 16లో పెడితే త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ, 24లోనే పెట్టి చూడండి. ఏసీ లోపల్నుంచి గోడ మీదకి నీటి చార ఉందంటే డ్రైను గొట్టంలో నాచు పట్టి మూసుకుపోయింది, రాత్రి మంచం మీద కారుతుంది. మన తేమకి ఇది మామూలే, గొట్టం ఊది శుభ్రం చేసే తీరిక ఎవరికీ ఉండదు. "ఫ్యామిలీ రూము" అని రెండు డబుల్ మంచాలు వేసి, పన్నెండు అడుగుల గదికి పెట్టే ఒక టన్ను ఏసీనే దానికీ పెడతారు. ఆరుగురు పడుకుంటే అది ఆయాసపడటమే తప్ప చల్లబరచదు. ఎన్ని టన్నులో అడగండి. "జనరేటర్ ఉందా" అని మాత్రం అడక్కండి, ఉందనే చెబుతారు. "కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా" అని అడగండి. అప్పుడు బయటపడుతుంది, ఫ్యాను, లైటు వరకేనని.

పై అంతస్తు వద్దే వద్దు, ముఖ్యంగా మే నెలలో. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రోహిణీ కార్తెలో ఆ కింద పడుకోవడం కంటే ప్లాట్‌ఫారం నయం. పడమటి గోడ రూమూ అంతే. మధ్య అంతస్తులో, రోడ్డుకి వెనకవైపు, కిటికీ తెరిస్తే ఆకాశం కనపడే రూము అడగండి. కిటికీ ఉందంటారు, పరదా తీస్తే ఎదురుగా డక్టు గోడ, పైపులు. అలాంటి గదికి ఎండ తగలదు, పరుపుకి తడి వాసన, బీరువా వెనక నల్లటి బూజు. అత్తరు వాసన గుప్పుమంటోందంటే ఏదో కప్పిపుచ్చుతున్నట్టే.

నల్లులు చూడటానికి దుప్పటి పైపైన దులిపితే లాభం లేదు. తలవైపు మూల దుప్పటి ఎత్తి, పరుపు అంచు కుట్టు వెంట ఫోను టార్చి వేసి నడిపించండి. ఆవగింజలో సగమంత నల్ల చుక్కలు వరసగా ఉంటే అవి నల్లుల రెట్ట. తడి వేలితో రుద్దితే ఎర్రగా, సిరా మరకలా సాగుతుంది. మంచం తలబల్లకీ గోడకీ మధ్య సందు కూడా చూడండి, పగలు కాపురం అక్కడే. ఒక్కటి కనపడ్డా రూము కాదు, అంతస్తు మార్చమనండి, పక్కరూముకి అవి నడిచే వెళ్తాయి. అనుమానంగా ఉంటే బ్యాగులు మంచం మీదా నేల మీదా పెట్టకుండా స్టూలు మీద పెట్టుకోండి, లేకపోతే మీతో ఇంటికే వస్తాయి.

బాత్రూములో కుళాయి విప్పి, అదే టైములో ఫ్లష్ కొట్టండి. ధార సన్నబడిందంటే పొద్దున్న ఆరింటికి అందరూ ఒక్కసారి లేచినప్పుడు మీకు నీళ్ళు రావు. వేడినీళ్ళు గీజరువా సోలారువా కనుక్కోండి. సోలారైతే ముసురు పట్టిన రోజుల్లో గోరువెచ్చన కూడా రావు. సముద్రం దగ్గరి ఊళ్ళలో, నరసాపురం, భీమవరం వైపు, బోరు నీళ్ళు ఉప్పదనం. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటే సబ్బు నురగ రాదని ముందే తెలిసిపోతుంది. దోమల వల కిటికీకి చిరిగిందేమో, తలుపు గడియ లోపల్నుంచి సరిగ్గా పడుతోందో లేదో కూడా చూసేసి కిందకి రండి.

బిల్లు విషయంలో మన జనం మరీ మెతక. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7500 లోపు రూముకి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. ఇంకా 12 వేస్తున్నారంటే నిలదీయండి. జీఎస్టీ పేరుతో తీసుకున్నారంటే బిల్లు మీద పదిహేను అక్షరాల నంబరు ఉండాలి, మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా తెల్లకాగితం మీద జీఎస్టీ వేస్తే ఆ డబ్బు గల్లాపెట్టెలోకే. ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, కాగితం మీద అడ్డంగా తేదీ, "లాడ్జి బసకి మాత్రమే" అని రాయండి.

ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచం వస్తుందనుకునేరు. నేల మీద బొంతంత పరుపు, ఒక తలగడ. ఎంత, పిల్లలకి ఏ వయసు నుంచి అని ముందే తేల్చుకోండి. డ్రైవరుకి పడక ఉందా అన్నది కూడా అడగండి, పగలంతా బండి నడిపే మనిషిని రాత్రి సీటులో ముడుచుకోమనడం పద్ధతి కాదు, మీకూ క్షేమం కాదు. టిఫిను కలిపిన రేటు తీసుకోవద్దు. గోదావరి ఒడ్డుకొచ్చి, వీధి చివర పెసరట్టు ఉప్మా పెట్టుకుని, హోటలువాడి బ్రెడ్డూ జామూ తినడం ఏం ఖర్మ!

రేవు స్నానానికొచ్చేవాళ్ళు ఐదారు గజాల నైలాన్ తాడు తెచ్చుకోండి. తడిబట్టలు ఏసీ వేసి మూసిన గదిలో కుర్చీల మీద ఆరేస్తే మర్నాటికీ ఆరవు, గదంతా ముక్కిన వాసన. ఫ్యాను కింద తాడు కట్టాలి, లేదా డాబా మీద ఆరేసుకోనిస్తారా అని రూమ్ బాయ్‌ని అడగాలి. ఏసీకి తాడు కడితే జరిమానా కట్టించుకుంటారు, వాళ్ళదీ న్యాయమే.

చివరగా పాపికొండలు. పొద్దున్నే వాహనంలో తీసుకెళ్ళి, గండిపోచమ్మ దగ్గర బోటు ఎక్కించి, రాత్రికి దింపుతారు. పగలంతా రూములో ఉండరు, కాబట్టి ఏసీకి, టీవీకి ఎక్కువ పెట్టొద్దు, 24 గంటల గడియారమే వెతకండి. జులై, ఆగస్టు నెలల్లో అయితే ముందు వరద కబురు వినండి. గోదావరి నీటిమట్టం భద్రాచలంలో 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది కూడా వరద నీటిలోనే, ఇప్పుడు నీరు పెరిగితే బోట్లు కదలనివ్వరు. బోటువాళ్ళు డబ్బు వెనక్కిచ్చినా లాడ్జివాళ్ళు అడ్వాన్సు ఇవ్వరు. ఆ నెలల్లో బుక్ చేసేటప్పుడే "బోటు ఆగిపోతే తేదీ మారుస్తారా" అని అడిగి, ఆ మాట కూడా వాట్సాప్‌లో పెట్టించండి.