ఎన్ని బస్తాలో చెప్పండి

ఎర్ర చెల్క, పక్కనే దుబ్బ, నాలుగు గట్లు దాటితే నల్లరేగడి, లోతట్టున చౌడు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాతిక ఎకరాల్లోనే నేల ఇలా మారిపోయే ఊళ్లు ఎన్నో. పొలం మట్టిని పరీక్షించి ఏ ఎరువు ఎంత వేయాలో రైతుకు చెప్పేందుకు 2015లో మొదలైన భూసార కార్డుల పథకం మాత్రం వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు, అంటే దాదాపు ఆ పాతిక ఎకరాలకూ, ఒకే మట్టి నమూనా చాలనుకుంది. ఎవరి చెల్కలోనో తీసిన మట్టి లెక్క పక్కనున్న రేగడి రైతు కార్డులోకి ఎక్కింది. ఆ కార్డును ఫోన్‌లో యాప్ ద్వారా చూపినంత మాత్రాన లెక్క సరిపోదు.

యాప్‌లు వద్దని మేము అనడం లేదు. మట్టి తీసిన చోటును జీపీఎస్‌తో గుర్తించడం, ఫలితం కాగితంలా చిరిగిపోకుండా ఏళ్ల తరబడి నిలవడం నిజంగా మేలే. కానీ కార్డులో ఉండేవి 12 అంశాలు, హెక్టారుకు ఇన్ని కిలోలంటూ అంకెలు. మన రైతు లెక్క ఎకరాల్లో, బస్తాల్లో ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలు ఎన్ని వేయాలి? ఈసారి భాస్వరమిచ్చే డీఏపీ ఎరువు తగ్గించవచ్చా? ముందు ఇవి చెప్పాలి.

మిర్యాలగూడ ఆయకట్టులో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే జింక్ లోపమేమో చూడాలి. అది తెలియక ఇంకో బస్తా యూరియా చల్లితే డబ్బు పోతుంది, పైరు తేరుకోదు. భాస్వరం ఇప్పటికే ఎక్కువున్న నేలలో మళ్లీ డీఏపీ వేస్తే ఉన్న జింక్ కూడా పైరుకు సరిగా అందదు. ఈ మాట నాట్లకు ముందే, తెలుగులో, చదువు రాని వాళ్లకూ అర్థమయ్యేలా గొంతుతో ఫోన్‌కు రావాలి.

ఎవరి ఫోన్‌కు? పాసుపుస్తకం చూసి పంపితే పట్టాదారుకు వెళ్తుంది. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఎరువు కొనేది కౌలు రైతు. మట్టి ఇచ్చేటప్పుడే సాగు చేసేవాళ్ల నంబరు రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

యాసంగి కోతలయ్యాక పొలాలు ఖాళీగా ఉంటాయి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట కాకుండా ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి, కలిపి, అరకిలో ఇస్తే చాలు. వ్యవసాయ విస్తరణాధికారి రైతు వేదికలో ఒకసారి చూపిస్తే రైతే తీసుకొస్తాడు. ఫలితం మృగశిర కార్తెలోపే చేతికందాలి. వచ్చే వేసవిలో మండలానికి ఒక్క ఊరిలోనైనా ప్రతి కమతం మట్టినీ విడిగా పరీక్షించే పనిని వ్యవసాయ శాఖ మొదలుపెట్టాలి.